పొడుగు నానోక్రిస్టల్స్ వేస్తే రబ్బరు ఫిల్ము ఇంకా గట్టిపడాలి కదా, మరి పొట్టివే ఎందుకు గెలిచాయి?

దూదిపింజ

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ మూడో ఏడులో ఉన్నాను. పని సెల్యులోజ్ నానోక్రిస్టల్స్ మీద, అంటే మొక్కల నారను ఆసిడ్‌లో నరికితే మిగిలే నానో సైజు కడ్డీల మీద, ఇకపై సీఎన్‌సీ అని రాస్తాను. రబ్బరు పాలలో సీఎన్‌సీ కలిపి, పెట్రీ డిష్‌లో పోసి ఆరబెట్టి, వచ్చిన ఫిల్ము ఎంత గట్టిపడిందో డీఎమ్ఏ (ఫిల్మును లాగుతూ వదులుతూ గట్టితనం కొలిచే యంత్రం) మీద చూస్తుంటాను. లెక్క ప్రకారం రావాల్సినదానికి తలకిందులుగా వస్తోంది. గైడ్ గారి దగ్గరికి గ్రాఫు పట్టుకెళ్ళే ముందు ఇక్కడ అడుగుదామని రాస్తున్నాను.

రెండు రకాల సీఎన్‌సీ చేశాను. మొదటిది గుంటూరు వైపు ఒక పత్తి గింజల నూనె మిల్లులో తీసుకున్న లింటరుతో, అంటే గింజకు అంటుకుని మిగిలే పొట్టి దూదితో. 64 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్, 45 డిగ్రీలు, 45 నిమిషాలు, అందరూ చేసే పద్ధతే. రెండోది అరటి బోదె నారతో. దాన్ని బ్లీచ్ చేశాక సల్ఫ్యూరిక్ బదులు 4 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచాను. సల్ఫేట్ లేకపోతే వేడికి బాగా తట్టుకుంటుంది, రేపు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌ని కరిగించి అందులో కూడా వేసుకోవచ్చు అన్న ఆశతో ఆసిడ్ మార్చాను.

టెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూస్తే పత్తివి సగటున 130 నానోమీటర్ల పొడవు, 8 వెడల్పు. అరటివి 220 పొడవు, 6 వెడల్పు. అంటే పొడవు-వెడల్పు నిష్పత్తి పత్తికి 16, అరటికి 36 పైనే. నీళ్ళలో కడ్డీల ఉపరితల చార్జ్‌ని సూచించే జీటా పొటెన్షియల్ పత్తికి మైనస్ 41 మిల్లీవోల్టులు, అరటికి మైనస్ 11.

రెండూ బరువులో 5 శాతం చొప్పున వేశాను. సెల్యులోజ్ సాంద్రత 1.6, రబ్బరుది 0.92 అనుకుంటే ఘనపరిమాణంలో అది 2.9 శాతం. కడ్డీలు ఒకదానికొకటి తగిలి ఫిల్మంతా వల అల్లుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు 0.7 భాగించు నిష్పత్తి అంటారు కదా. పత్తికి అది 4.4 శాతం, అరటికి 1.9 శాతం. అంటే నా ఫిల్ముల్లో అరటికి వల ఏర్పడి ఉండాలి, పత్తికి ఏర్పడకూడదు. గది ఉష్ణోగ్రత దగ్గర మాడ్యులస్ (గట్టితనం) చూస్తేనేమో పత్తి ఫిల్ము ఉత్త రబ్బరుకి దాదాపు నాలుగు రెట్లు ఉంది. అరటిది రెండు రెట్లు కూడా లేదు.

ఇది చార్జ్ వల్లేనా? అయితే ఇంకో డౌటు. చార్జ్ ఉందంటే కడ్డీలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నెట్టుకునేవి కలిసి వల ఎలా అల్లుతాయి? ఆలోచించేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప తెగడం లేదు.

పాలిమర్_పిల్లోడు

అక్కా, జీటా నంబరు కాసేపు పక్కన పెట్టండి. ఆ హైడ్రోక్లోరిక్ శాంపిల్‌ని గాజు సీసాలో పోసి కదపకుండా వదిలేస్తే ఎంతసేపు నిలుస్తోంది? అడుగున తెల్లగా పేరుకుంటోందంటే మీ సమాధానం ఆ సీసాలోనే ఉంది. ఇంకోటి, రెండు పోలరైజర్ షీట్లు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, మధ్యలో సీసా ఊపి చూడండి. విడివిడిగా ఉన్న సీఎన్‌సీ అయితే వెలుగు చారలు పారుతూ కనిపిస్తాయి. మా ల్యాబులో పాడైన మానిటర్ తెర నుంచి పీకిన షీట్లతోనే కానిచ్చేస్తున్నాం.

దూదిపింజ

ఎక్కువసేపు అక్కర్లేదు తమ్ముడూ, గంటలోపే కిందికి దిగిపోతోంది. సోనికేషన్ చేసిన (శబ్ద తరంగాలతో చెదరగొట్టిన) వెంటనే పాలలా ఉంటుంది, టీ తాగి వచ్చేసరికి పైన నీళ్ళు తేటపడతాయి. పత్తిది మాత్రం నీలిఛాయలో అలాగే నిలుస్తుంది, వారాలు గడిచినా. చారలు కూడా దానికే కనిపించాయి. కానీ అరటిదాన్ని పాలలో కలిపేటప్పుడు సోనికేట్ చేసిన వెంటనే కలిపేశాను, దిగనివ్వలేదు. అయినా తేడా వస్తుందా?

రబ్బరుపాల_మావయ్య

వస్తుందమ్మా, చాలా వస్తుంది. నా ఉద్యోగమంతా చేతి తొడుగుల ఫ్యాక్టరీలో రబ్బరు పాలతోనే గడిచింది. సీఎన్‌సీ జోలికి వచ్చింది చివర్లోనే. అందుకని నాకు అలవాటైన దారిలోనే చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మీ సూత్రంలో పొడవు, వెడల్పు అని వేసినవి ఒంటరి క్రిస్టల్ కొలతలు. ఫిల్ములో ఉన్నది ఒంటరి క్రిస్టల్ అని ఎవరు చెప్పారు? హైడ్రోక్లోరిక్ ఆసిడ్ గొలుసును నరుకుతుంది, అంతే. ఉపరితలం మీద ఏమీ అతికించదు. సల్ఫ్యూరిక్ అయితే నరుకుతూనే అక్కడక్కడా సెల్యులోజ్‌లోని ఓహెచ్ (హైడ్రాక్సిల్) గుంపుల మీద సల్ఫేట్ తగిలిస్తుంది. ఆ ఋణ చార్జే నీళ్ళలో క్రిస్టల్స్‌ని ఎడంగా ఉంచుతుంది. అది లేని క్రిస్టల్స్ పక్కలు పక్కలు ఆనించుకుని అతుక్కుంటాయి, నిలువుగా కట్టగట్టుకుంటాయి. చీపురు కట్టకు ఎన్ని పుల్లలున్నా దాని పొడవు పుల్ల పొడవే, లావు మాత్రం కట్ట లావు.

లెక్క మీ అంకెలతోనే వేద్దాం. అరటి క్రిస్టల్స్ అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది అతుక్కున్నాయనుకోండి. పొడవు 220 అలాగే ఉంది, వెడల్పు 18 అయింది. నిష్పత్తి 36 నుంచి 12కి పడిపోయింది. వలకు కావాల్సిన మోతాదు 1.9 నుంచి 5.7 శాతానికి ఎగబాకింది. మీరు వేసింది 2.9. తొమ్మిదంటే చిన్న కట్టే, గంటలో దిగిపోతున్నాయంటే మీవి ఇంకా పెద్దవై ఉంటాయి. సోనికేషన్ కట్టల్ని కొంత విప్పుతుంది నిజమే, కానీ ప్రోబ్ ఆపగానే వాటిని ఎడంగా పట్టి ఉంచేదేమీ లేదు. మీ ఫిల్ము ఆరడానికి ఎంతసేపు పట్టింది? రాత్రంతా అనుకుంటా. అంతసేపూ అవి అతుక్కుంటూనే ఉన్నాయి.

కాబట్టి మీ దగ్గర ఆకారం ఓడి చార్జ్ గెలవలేదు. చార్జ్ లేకపోవడం వల్ల ఆకారమే మారిపోయింది. ఈ రెంటినీ వేరు వేరు అధ్యాయాలుగా రాసే థీసిస్‌లు చూస్తుంటాను, నాకు ఒప్పదు. నీళ్ళ దారిలో చేసే కాంపోజిట్‌లో ఆరేదాకా నిలిచిన ఆకారమే లెక్క, అది నిలవాలంటే చార్జ్ కావాలి.

రెండో ప్రశ్నకు వస్తాను. నెట్టుకునేవి వల ఎలా అల్లుతాయి అన్నారు. నెట్టుడు నీళ్ళున్నంతసేపే. ఆ నెట్టుడు ఎంత దూరం పనిచేస్తుందో నీళ్ళలో ఉప్పును బట్టి ఉంటుంది. లీటరుకి 1 మిల్లీమోల్ ఉప్పుంటే సుమారు 10 నానోమీటర్లు, 10 మిల్లీమోల్స్ అయితే 3, 100 అయితే 1 మాత్రమే. ఫిల్ము ఆరేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు చిక్కబడుతుంది, కడ్డీలు దగ్గరికి నెట్టబడతాయి. చివరికి ఓహెచ్‌కి ఓహెచ్ తగిలి హైడ్రోజన్ బంధం పడుతుంది. అప్పటికి అవి అన్ని దిక్కులకూ పరుచుకుని ఉన్నాయి కాబట్టి పడిన ప్రతి ముడీ వలలో ముడే. చార్జ్ లేనివాటికి అదే ముడి పక్కన ఆనుకున్న కట్టలోపలే పడిపోయి ఉంటుంది, ఎందుకూ పనికిరాకుండా.

పాల సంగతి కూడా మర్చిపోకండి. అమోనియా వేసి నిలవ చేసిన పాలలో పీహెచ్ 10 పైమాటే. రబ్బరు రేణువుల చుట్టూ ప్రోటీన్లు, కొవ్వు ఆమ్లాలు పట్టుకుని ఉండి వాటికీ ఋణ చార్జే ఉంటుంది. మీ సల్ఫేట్ సీఎన్‌సీది కూడా ఋణమే, కాబట్టి గొడవ లేదు. ఎవరైనా ధన చార్జ్ ఎక్కించిన సీఎన్‌సీ తెచ్చి పాలలో పోస్తే అక్కడికక్కడే విరిగి ముద్దవుతాయి. చార్జ్ ఎంత అన్నదొక్కటే కాదు, ఏ గుర్తు అన్నదీ చూసుకోవాలి.

పత్తికి 4.4 కావాల్సి ఉండగా 2.9 దగ్గరే నాలుగు రెట్లు ఎలా వచ్చింది? ఇది కూడా పాల వల్లే అని నా అభిప్రాయం. రబ్బరు రేణువులు వందల నానోమీటర్ల నుంచి మైక్రాన్ దాటి ఉంటాయి. సీఎన్‌సీ వాటి లోపలికి పోలేదు. ఆరేటప్పుడు రేణువుల మధ్య సందుల్లోకి తోసేయబడుతుంది. ఆ సందుల్లో దాని మోతాదు ఫిల్ము సగటు కంటే చాలా ఎక్కువ. 0.7 సూత్రం కడ్డీలు అంతటా సమంగా, ఏ దిక్కుకంటే ఆ దిక్కుకు పడి ఉన్నాయనుకుని వేసింది. పాలలో ఆ షరతు నిలవదు.

పొడుగు కడ్డీల మీద మీకున్న నమ్మకం మాత్రం తప్పు కాదు. 1995లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఫావియే, షాంజీ, కవాయే చేసిన పని ఈ రంగానికి మొదలు. వాళ్ళు వాడింది ట్యూనికేట్ అనే సముద్ర జీవి తొడుగులోని సెల్యులోజ్. మన విశాఖ హార్బర్‌లో కూడా స్తంభాలకు పట్టే జాతులున్నాయి. ఆ క్రిస్టల్స్ పొడవు మైక్రాన్ స్థాయిలో, వెడల్పు 15, 20 నానోమీటర్లు. స్టైరీన్, బ్యూటైల్ ఆక్రిలేట్ లేటెక్స్‌లో (రబ్బరు పాలలాంటి కృత్రిమ పాలిమర్ పాలు) 6 శాతం వేస్తే, పాలిమర్ మెత్తబడిన చోట మాడ్యులస్ వంద రెట్లకు పైగా పెరిగింది. వాటిని తీసింది సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తోనే. పొడవూ ఉంది, చార్జూ ఉంది. మీ అరటికి రెండోది కరువైంది.

ఇప్పుడు చేయాల్సిన పని. మీ రెండు శాంపిల్స్‌కీ మొక్క వేరు, ఆసిడ్ వేరు, పొడవు వేరు, చార్జ్ వేరు. వీటిని పోల్చి చార్జ్ వల్ల ఇంత, పొడవు వల్ల ఇంత అని రాస్తే పరీక్షకులు ఊరుకోరు. పత్తి సీఎన్‌సీ ఒకే బ్యాచ్ తీసుకుని సగాన్ని పలుచని హైడ్రోక్లోరిక్‌లో వేడిచేసి సల్ఫేట్ ఊడగొట్టండి. అప్పుడు పొడవు దాదాపు అదే, చార్జ్ ఒక్కటే తగ్గింది. ఆ సగం కూడా అరటిలాగే చతికిలబడితే మీ జవాబు మీ గ్రాఫులోనే ఉంటుంది. ఇది ఖర్చులేని పని.

సల్ఫ్యూరిక్ సమయం మార్చి పొడవు మారుద్దామనుకోకండి. ఎక్కువసేపు ఉంచితే పొడవు తగ్గడంతోపాటు సల్ఫేట్ కూడా పెరుగుతుంది. రెండూ ఒకేసారి కదిలితే మళ్ళీ మొదటికే.

కొలతల_పిచ్చి

మావయ్య గారు చెప్పిన కట్ట కథతో నాకు పేచీ లేదు. కెనడాలో ఒక ల్యాబులో ఈ కొలతలే నా రోజువారీ పని, కాబట్టి రెండు మూడు చోట్ల అడ్డుపడతాను.

దూదిపింజ గారూ, మీ 220 నానోమీటర్లు ఎలా వచ్చాయో చెప్పండి. టెమ్ ఫోటోలో ముద్దగా ఉన్నవి వదిలేసి విడిగా కనిపించినవే కొలిచారా? అందరం అదే చేస్తాం, ముద్దలో ఏది ఎక్కడ మొదలైందో తెలియదు కాబట్టి. దాంతో ఎంత ఎక్కువ ముద్ద కట్టే శాంపిల్ అయితే అంత అందమైన అంకె వస్తుంది, ఎందుకంటే మీరు కొలిచింది తప్పించుకున్న కొద్దిపాటి క్రిస్టల్స్‌నే. వెడల్పుకి ఏఎఫ్‌ఎమ్‌లో (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమే మైక్రోస్కోప్) ఎత్తు చూడండి, పక్కకి కనిపించే వెడల్పు సూదిమొన వల్ల ఉబ్బి ఉంటుంది. డీఎల్‌ఎస్ (చెదిరిన లేజర్ వెలుగుతో రేణువు సైజు కట్టే పద్ధతి) అంకెను మాత్రం పొడవు అని రాయకండి, అది గుండ్రటి రేణువు అనుకుని వేసిన లెక్క. కానీ సోనికేషన్ ముందూ తర్వాతా, ఆపిన అరగంటకూ డీఎల్‌ఎస్ తీస్తే కట్టలు మళ్ళీ పెరుగుతున్నాయో లేదో తెలుస్తుంది. దానికి అది బంగారం.

జీటా కూడా అంతే. ఏ ఉప్పులో, ఏ పీహెచ్‌లో తీశారో రాయకపోతే మైనస్ 41కి అర్థం లేదు. చార్జ్ ఎంత ఉందో నిజంగా తెలియాలంటే కండక్టోమెట్రిక్ టైట్రేషన్ (క్షారం కొద్దికొద్దిగా వేస్తూ విద్యుద్వాహకత కొలవడం) చేయండి. బాగా డయాలిసిస్ చేసి (సన్నని పొరలోంచి మిగిలిన ఆసిడ్, ఉప్పు కడిగేసి), అయాన్లు మార్చే రెజిన్ మీద పోసి ఆసిడ్ రూపానికి మార్చి, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో. బరువులో 1 శాతం సల్ఫర్ ఉంటే కిలోకి సుమారు 310 మిల్లీమోల్స్ చార్జ్ అన్నమాట. ఆ లెక్కలోనే రాయండి, ఎవరైనా పోల్చుకోగలరు.

సల్ఫేట్ ఊడగొట్టే సలహా దగ్గర నా దారి వేరు. ఆసిడ్‌లో వేడిచేసి ఊడగొట్టిన సీఎన్‌సీ ఎలాగూ ముద్ద కడుతుంది, అది మనకు ముందే తెలిసిన సంగతి. ఫిల్ము మెత్తబడితే 'అవును, ముద్ద కట్టింది' అంటారు, అంతకుమించి కొత్తగా తేలేదేమీ లేదు. నేనైతే ఎదురువైపు నుంచి వెళ్తాను. అరటి క్రిస్టల్స్‌కి చార్జ్ ఎక్కించండి. టెంపో అనే ఉత్ప్రేరకంతో ఆక్సీకరణ చేస్తే ఉపరితలం మీది ఆరో కార్బన్ దగ్గర కార్బాక్సిలేట్ వస్తుంది, పొడవు పెద్దగా చెడదు. టెంపో, సోడియం బ్రోమైడ్, హైపోక్లోరైట్, పీహెచ్ 10, గది వేడి. ఇలా చార్జ్ ఎక్కి నీళ్ళలో విడిగా నిలిచాక మీ పొడుగు క్రిస్టల్స్ పత్తిని దాటితే, పొడవుకి విలువ ఉందని మీరు నిరూపించినట్టు. దాటకపోతే అది ఇంకా ఆసక్తికరం. కార్బాక్సిల్ బలహీన ఆమ్లం, పీహెచ్ 4 దగ్గరికి దిగితే చార్జ్ పోతుంది. మీ పాలు పీహెచ్ 10లో ఉన్నాయి కాబట్టి కలిపేటప్పుడు ఇబ్బంది లేదు.

తేమ మాట ఎవరూ ఎత్తలేదు. 2008లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ బృందం సముద్ర దోసకాయ అనే జీవి చర్మాన్ని చూసి ఒక కాంపోజిట్ చేసింది. ట్యూనికేట్ క్రిస్టల్స్ వేసిన రబ్బరులాంటి పాలిమర్. పొడిగా ఉంటే 800 మెగాపాస్కల్స్, నీళ్ళు తగిలితే 20. క్రిస్టల్స్ మధ్య హైడ్రోజన్ బంధాల్లోకి నీళ్ళు దూరి వలను విప్పేశాయి. ఇక చార్జ్ ఉన్న ఉపరితలం నీటిని ఇంకా ఇష్టపడుతుంది. మీ రెండు ఫిల్ములూ ఒకే తేమలో ఉంచి కొలవకపోతే ఆ తేడాలో కొంత వాతావరణానిదే. డెసికేటర్‌లో (తేమ లాగేసే మూత పాత్ర) ఎన్నాళ్ళుంచారో థీసిస్‌లో రాయండి, నేను పరీక్షకుణ్ణయితే మొదట అడిగేది అదే.

రబ్బరుపాల_మావయ్య

టెంపో వైపు నుంచి వెళ్ళడం మంచిదే, ఒప్పుకుంటున్నాను, సరుకు కొనే డబ్బుంటే. కానీ నా సలహాను అంత తేలిగ్గా కొట్టేయకండి. సల్ఫేట్ మొత్తం ఊడగొట్టక్కర్లేదు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ మూడు నాలుగు మెట్లు చేస్తే ఏ చార్జ్ దగ్గర ఫిల్ము కుప్పకూలుతుందో ఆ గీత దొరుకుతుంది. 'ముద్ద కడుతుంది' అని తెలియడం వేరు, ఎక్కడ మొదలవుతుందో తెలియడం వేరు. చేతి తొడుగులు చేసేవాడికి కావాల్సింది ఆ రెండోదే, ఎందుకంటే వాడి పాలలో ఉప్పులు బ్యాచ్‌కో రకంగా ఉంటాయి.

దూదిపింజ

ఇద్దరికీ చాలా థాంక్స్. పొడవు విషయం అడిగారు కదా, నిజమే, విడిగా ఉన్నవే కొలిచాం. పాత ఫోటోలు మళ్ళీ తెరిచి చూస్తే అరటివాటిలో ఫోటోకి సగానికి పైగా కట్టలే. కట్ట వెడల్పులు కూడా కొలిచి పక్కన పట్టిక వేస్తున్నాను. టెంపో మా పక్క ల్యాబులో ఉంది, అడిగితే ఇస్తారు. పత్తికి బరువులో 3, 5, 8, 10 శాతాలు వేసి మాడ్యులస్ గీత ఎక్కడ వంపు తిరుగుతుందో కూడా చూస్తాను. 4.4 ఘనపరిమాణం అంటే బరువులో 7.4 అవుతుంది, మావయ్య గారన్నట్టు సందుల వల్లే అయితే వంపు అంతకంటే ముందే రావాలి.

చివరి ప్రశ్న. పీఎల్‌ఏ సంగతి ఏమిటి? పత్తి సీఎన్‌సీని ఆరబెట్టి 180 డిగ్రీల దగ్గర కలిపి చూస్తే ఫిల్ము టీ రంగులోకి వచ్చింది. అందుకే హైడ్రోక్లోరిక్ వైపు వెళ్ళాను. ఇప్పుడు మీరంతా చార్జ్ కావాలంటున్నారు.

పాలిమర్_పిల్లోడు

ఆరబెట్టే ముందు న్యూట్రల్ చేశారా అక్కా? డయాలిసిస్ అయ్యాక సీఎన్‌సీ ఆసిడ్ రూపంలో ఉంటుంది, ఆ సల్ఫేట్ పక్కనున్న హైడ్రోజనే వేడికి సెల్యులోజ్‌లోంచి నీళ్ళు లాగేసి మాడ్చేది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి పీహెచ్ 7కి తెచ్చి సోడియం రూపంలో ఆరబెట్టండి, మాడే ఉష్ణోగ్రత చాలా పైకి జరుగుతుంది. ఇంకో లాభం, ఆసిడ్ రూపంలో పూర్తిగా ఆరినది మళ్ళీ నీళ్ళలో విడిపోదు, సోడియం రూపంలోది విడిపోతుంది.

రబ్బరుపాల_మావయ్య

పిల్లోడు చెప్పింది చేయండి. కానీ పీఎల్‌ఏలో రబ్బరు పాలలో వచ్చినంత రాదని ముందే అనుకోండి. కరిగిన పీఎల్‌ఏలో నీళ్ళు లేవు, చార్జ్ నెట్టడానికి మాధ్యమం లేదు, పొడి చేసినప్పుడు కట్టిన కట్టలు కట్టలుగానే ఉంటాయి. గ్రెనోబుల్ కథకు కొనసాగింపుగా 1996లో అదే రకం లేటెక్స్, అవే ట్యూనికేట్ క్రిస్టల్స్‌తో మూడు పద్ధతులు పోల్చారు. నెమ్మదిగా ఆరబెట్టిన ఫిల్ము అన్నిటికంటే గట్టిది, హాట్ ప్రెస్ చేసింది తర్వాత, స్క్రూతో తోసే ఎక్స్‌ట్రూడర్‌లోంచి తీసింది చివర. స్క్రూ కడ్డీలను విరుస్తుంది, ప్రవాహం దిక్కుకు వాల్చేస్తుంది. మిక్సర్‌లో కరిగించి కలిపే పీఎల్‌ఏలో మీరు పెట్టుకోవాల్సిన ఆశ ఆ మూడో స్థానం మీద.

థీసిస్‌కి రబ్బరు పాలు ఒక్కటే చాలు. పీఎల్‌ఏ కావాల్సిందే అని గైడ్ గారు పట్టుబడితే డైమిథైల్ ఫార్మమైడ్‌లో చెదరగొట్టి సాల్వెంట్ కాస్టింగ్ చేసి చూడండి, సల్ఫేట్ ఉన్న సీఎన్‌సీ అందులోనూ కొంత నిలుస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, ఆ సాల్వెంట్ లివర్‌కి మంచిది కాదు. 3, 5, 8, 10 గ్రాఫు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఉత్త రబ్బరు గీత కూడా అదే గ్రాఫులో ఉండాలి.